కొడుకు మందుల కోసం మంచు దీవికి

బట్టలు కుట్టే పనికని నెలజీతం మీద కుదిరిన ఒక ఆడమనిషి, మనుషులే లేని మంచు దీవిలో దాదాపు రెండేళ్లు గడిపి, ఆఖరి రెండు నెలలు ఒక్కతే బతికి, ప్రాణాలతో ఇంటికి తిరిగొచ్చిందంటే నమ్ముతారా? ఆమెతో కలిసి వెళ్లిన నలుగురు మగవాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. ఆమె పేరు అడా బ్లాక్‌జాక్. ఉత్తర ధ్రువ యాత్రల చరిత్ర చదివే వాళ్లందరికీ తెలిసిన పేరే. మనకు బళ్లో చెప్పింది మాత్రం పియరీ, అముండ్‌సెన్ లాంటి వాళ్ల పేర్లే. అడా గురించి మన భాషలో పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు. అందుకే ఈ వారం ఆమె కథ చెప్పాలనిపించింది.

అడాది సాహసాలు చేసే కుటుంబం కాదు. ధ్రువ ప్రాంతాలు చూడాలన్న సరదా ఆమెకు లేదు. తెల్ల ఎలుగుబంటి పేరు చెబితేనే వణికిపోయేది. మరి ఎందుకు వెళ్లిందంటే, ఐదేళ్ల కొడుక్కి క్షయ. మందూ మాకూ, మంచి తిండీ పెట్టించడానికి చేతిలో డబ్బు లేదు. అంతే కారణం. మన వీధుల్లో పిల్లల ఫీజుల కోసం రాత్రి పన్నెండింటిదాకా కుట్టుమిషన్ తొక్కే ఆడవాళ్లు ఎంతమంది లేరూ? వాళ్లలో ఒకామె అనుకుని ఈ కథ చదవండి.

ఆ దీవి ఎక్కడుందంటే

ముందు ఆ దీవి సంగతి కాస్త చెప్పుకోవాలి. దాని పేరు రాంగెల్ దీవి. సైబీరియాకు ఈశాన్యపు కొసన, ఆర్కిటిక్ సముద్రంలో ఉంది. సైబీరియా తీరం నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరం. వైశాల్యం దాదాపు 7,600 చదరపు కిలోమీటర్లు. 2022లో కొత్తగా ఏర్పడిన మా పల్నాడు జిల్లా కంటే కాస్త పెద్దదనుకోండి. వెల్దుర్తి, మాచర్ల, గురజాల, నరసరావుపేట అన్నీ కలిపినంత నేల ఉండి, అందులో ఒక్క ఇల్లు గానీ, ఒక్క పొయ్యి గానీ, ఒక్క చెట్టు గానీ లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నడుమ కొండలున్నాయి. ఎత్తయినది సుమారు 1,100 మీటర్లు. వేసవిలో నాచూ, గడ్డీ, చిన్న చిన్న పూలూ తప్ప మరో పచ్చదనం ఉండదు. వంటచెరకు కావాలంటే సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలే దిక్కు.

మాకు ఇక్కడ రెంటచింతల ఎండలు తెలుసు. వేసవిలో రాష్ట్రంలో కెల్లా ఎక్కువ వేడి ఎక్కడంటే ముందు ఆ ఊరి పేరే వినిపిస్తుంది. అక్కడేమో చలికాలంలో వేడిమి సున్నాకు 30, 40 డిగ్రీలు దిగువకు పడిపోతుంది. నవంబరు ఆఖరి వారం నుంచి జనవరి ఆఖరి వారం దాకా, అంటే రెండు నెలల పాటు, సూర్యుడు పొద్దు మీదికే రాడు. వేసవిలో మళ్లీ అంతకు అంతా, అస్తమించనే అస్తమించడు. చుట్టూ సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మంచు కాస్త విడితేనే నౌక వెళ్లగలదు. ఒక్కో ఏడాది ఆ కాస్త కూడా విడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, కథంతా దీనిమీదే ఉంది.

తెల్ల ఎలుగుబంట్లకు అది పుట్టిల్లు. ఆడ ఎలుగుబంట్లు వందల సంఖ్యలో అక్కడి మంచులో గుహలు తవ్వుకుని పిల్లల్ని కంటాయి. మామత్ అనే పాతకాలపు ఏనుగులు లోకమంతటా అంతరించిపోయిన తరవాత కూడా ఈ దీవిలో మాత్రం సుమారు 4,000 ఏళ్ల కిందటి దాకా బతికున్నాయి. ఈజిప్టులో పిరమిడ్లు కట్టేనాటికి కూడా అక్కడ అవి తిరుగుతూనే ఉన్నాయన్నమాట.

ఆ నేలకు ఎవరి పేరు పెట్టారో ఆయన దాన్ని కళ్లతో చూడనే లేదు. ఫెర్డినాండ్ రాంగెల్ రష్యా నౌకాదళ అధికారి. సైబీరియా తీరంలో ఉండే చుక్చీ జాతివాళ్లు, ఉత్తరాన కొండలు కనిపిస్తుంటాయని చెబితే విని, 1820 నుంచి 1824 దాకా వెతికాడు. దొరకలేదు. 1849లో కెల్లెట్ అనే బ్రిటిష్ కెప్టెన్ దూరం నుంచి చూశాడు. 1867లో థామస్ లాంగ్ అనే అమెరికన్ తిమింగలాల వేటగాడు దాని పక్కగా వెళుతూ, వెతికి అలసిన ఆ రాంగెల్ పేరే దానికి పెట్టాడు. 1881లో అమెరికా ప్రభుత్వ నౌక కార్విన్ మనుషులు దిగి తమ జెండా పాతారు. 1911లో రష్యా వాళ్లు దిగి తమ గుర్తు నిలబెట్టారు. వచ్చిన వాళ్లందరూ మాదంటే మాదన్నారు, ఉండటానికి మాత్రం ఎవరూ ఉండలేదు.

అంతకుముందే ఒక పిన్ని

అడా కంటే ముందు ఆ దీవిలో నెలల తరబడి కాపురమున్న ఇంకో ఆడమనిషి గురించి కూడా చెప్పాలి. 1913లో విల్యాల్మర్ స్టెఫాన్సన్ అనే పేరుమోసిన యాత్రికుడు కెనడా తరఫున కార్లక్ అనే నౌకలో బయల్దేరాడు. నౌక మంచులో ఇరుక్కుంది. వేటకని కొద్దిమందిని తీసుకుని ఆయన నౌక దిగి వెళ్లాడు. ఈలోగా నౌక మంచుతోపాటు కొట్టుకుపోయింది. 1914 జనవరిలో మంచు నొక్కుడికి నుజ్జయి మునిగిపోయింది. మిగిలిన వాళ్లు మంచు మీద నడిచి రాంగెల్ దీవి చేరారు.

వాళ్లలో అలాస్కాకు చెందిన ఇనూపియాక్ కుటుంబం ఒకటుంది. మన చిన్నప్పటి పాఠాల్లో ఎస్కిమోలని చదువుకున్నామే, ఆ జాతుల్లో ఒకటి ఇది. తండ్రి కురలుక్ వేటగాడు. తల్లి కిరుక్ చర్మాల బట్టలు కుట్టడానికి నౌక ఎక్కింది. వెంట ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ముగ్పికి మూడేళ్లు. నౌకలో అందరూ కిరుక్‌ను ఆంటీ అని పిలిచేవారు. ఆంటీ అంటే మన వరసలో పిన్నో అత్తో అనుకోండి. కెప్టెన్ బార్ట్‌లెట్ మంచు మీదుగా సైబీరియాకు నడిచి వెళ్లి కబురందించాడు. సెప్టెంబరులో నౌక వచ్చేదాకా మిగతావాళ్లు ఆ దీవిలోనే. ఆ యాత్రలో మొత్తం 11 మంది చనిపోయారు. ఈ తల్లీ, తండ్రీ, ఇద్దరు పిల్లలూ మాత్రం నలుగురికి నలుగురూ బతికారు. ఆ మూడేళ్ల ముగ్పి 2008 దాకా జీవించింది.

కుట్టుపని చేసే మనిషి ధ్రువ యాత్రలో ఎందుకని మీకు సందేహం రావచ్చు. అక్కడ కుట్టంటే అందానికి కాదు, ప్రాణానికి. జింక చర్మం కోటు, సీల్ చర్మం బూట్లు లేనిదే అడుగు బయట పెట్టలేరు. బూటులో సూది కన్నమంత సందున్నా నీళ్లు లోపలికి దిగుతాయి. తడిసిన పాదం గడ్డకడుతుంది. వేళ్లు ఊడిపోతాయి. అందుకని వాళ్లు జంతువుల నరాలను ఎండబెట్టి చీల్చి దారంగా వాడతారు. తడి తగలగానే ఆ దారం ఉబ్బి కన్నం పూడుకుపోతుంది. కొన్ని కుట్లలో సూదిని చర్మం అవతలికి పూర్తిగా దిగనివ్వరు. ఈ విద్య తల్లి నుంచి కూతురికి వచ్చేది. వేట ఎంత ముఖ్యమో ఆ సూదీ అంతే ముఖ్యం. కానీ యాత్రల చరిత్రలో తుపాకులకూ జెండాలకూ దొరికిన చోటు సూదికి దొరకలేదు.

నెలకు 50 డాలర్లు

అడా 1898 మే 10న అలాస్కాలోని స్ప్రూస్ క్రీక్ అనే చిన్న పల్లెలో పుట్టింది. పుట్టింటి పేరు డెలుటుక్. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు చెడిపోయిన మాంసం తిని తండ్రి చనిపోయాడు. తల్లి ఆమెను నోమ్ పట్టణంలో మెథడిస్టు మిషనరీల దగ్గర చేర్చింది. అక్కడ కొంచెం ఇంగ్లీషు చదవడం రాయడం, తెల్లవాళ్ల వంట, ఇల్లు ఊడ్చి సర్దుకోవడం, కుట్టుపని నేర్చుకుంది. తన జాతి ఆడపిల్లలకు సహజంగా వచ్చే వేట, వలలు, మంచులో గుడారం వేసుకోవడం మాత్రం ఆమెకు రాలేదు. పేరుకు మంచు దేశపు పిల్ల, పెంపకమంతా పట్నంలో.

పదహారేళ్లకు పెళ్లయింది. భర్త జాక్ బ్లాక్‌జాక్ కుక్కల బండి తోలేవాడు. సంసారం సుఖంగా సాగలేదు. కొట్టేవాడు, తిండి పెట్టేవాడు కాదు. ముగ్గురు బిడ్డలు పుడితే ఇద్దరు పోయారు. మిగిలింది బెనెట్ ఒక్కడే. 1921లో భర్త ఆమెను వదిలేసి వెళ్లిపోయాడు. అడా కొడుకుని వెంటబెట్టుకుని నోమ్‌కు నడిచి వచ్చింది. 40 మైళ్లు, అంటే సుమారు 64 కిలోమీటర్లు. గుంటూరు నుంచి నరసరావుపేట దాటి ఇంకా కొంత దూరం. పిల్లాడు నడవలేనప్పుడు ఎత్తుకుని నడిచింది.

నోమ్‌లో ఇళ్లు తుడిచింది, బట్టలు కుట్టింది. బెనెట్‌కు క్షయ ముదిరింది. ఆ రోజుల్లో క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అప్పటిదాకా వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. మన వైపు కలిగినవాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం వెళ్లేవారు చూడండి, అలాగన్నమాట. లేనివాళ్లకు ఆ మూడూ అందనివే. అడా పిల్లాణ్ని అనాథాశ్రమంలో పెట్టింది. అమ్మ బతికుండగానే పిల్లాణ్ని అనాథాశ్రమంలో ఎలా పెట్టిందని అనొద్దు. ఇంట్లో ముద్ద లేక పిల్లల్ని హాస్టల్లో చేర్పించిన తల్లులు మనకూ తెలుసు. వాళ్లు ప్రేమ తక్కువై చేర్పించలేదు.

సరిగ్గా అప్పుడే స్టెఫాన్సన్ మరో యాత్ర తలపెట్టాడు. రాంగెల్ దీవిలో మనుషుల్ని ఉంచి, అది బ్రిటన్‌దని, తద్వారా కెనడాదని చాటాలని ఆయన ఆలోచన. ఆర్కిటిక్ అంత భయపడాల్సింది కాదనీ, వేట తెలిసినవాడు హాయిగా బతకొచ్చనీ ఆయన పుస్తకాలు రాసేవాడు, ఉపన్యాసాలు ఇచ్చేవాడు. తాను మాత్రం ఈసారి వెళ్లలేదు. నలుగురు కుర్రాళ్లను పంపాడు. నాయకుడు అలన్ క్రాఫర్డ్‌కు 20 ఏళ్లు. బ్రిటిష్ పౌరుడు కావాలి కనుక కెనడా వాడైన అతన్ని నాయకుణ్ని చేశారు. మిల్టన్ గాలేకు 19. లోర్న్ నైట్, ఫ్రెడ్ మారర్‌లకు చెరో 28. వీళ్లలో మారర్ కార్లక్ మునిగినప్పుడు ఆ దీవిలోనే చిక్కుకుని బయటపడ్డవాడు. నైట్ కూడా అంతకుముందు స్టెఫాన్సన్‌తో ఉత్తరాదిన తిరిగినవాడే.

వాళ్లకు బట్టలు కుట్టే మనిషి కావాలి. నోమ్ పోలీసు అధికారి ద్వారా ఆ కబురు అడాకు తెలిసింది. నెలకు 50 డాలర్ల జీతం. నోమ్‌లో ఆమెకు కలలో కూడా దొరకని డబ్బు. తనతోపాటు ఇంకా కొన్ని ఇనూపియాక్ కుటుంబాలు వస్తాయని చెప్పారు. సెప్టెంబరు 9న నౌక కదిలే వేళకు ఆ కుటుంబాలేవీ రాలేదు. నలుగురు పరాయి మగవాళ్లు, తానొక్కతే ఆడది, వయసు 23. దిగిపోదామా అనుకుని ఉంటుంది. కొడుకు వైద్యం గుర్తొచ్చి ఎక్కింది. నౌకలో వాళ్లకు ఒక పిల్లిపిల్లను ఇచ్చారు. దాని పేరు విక్.

నౌక రాని వేసవి

సెప్టెంబరు నడుమ దీవిలో దిగారు. 16న బ్రిటిష్ జెండా ఎగరేసి, ఈ నేల మాదని కాగితం రాసుకున్నారు. తెచ్చుకున్న తిండి ఆరు నెలలకే. మిగతాది వేటాడుకోవచ్చన్న ధీమా.

అడాకు మొదటి నెలలు నరకంలా గడిచాయి. కొడుకు మీద బెంగ, ఎలుగుబంట్ల భయం, మాట్లాడేందుకు మరో ఆడమనిషి లేని ఒంటరితనం. ఏడ్చేది, పని మానేసేది, గుడారం వదిలి వెళ్లిపోయేది. దాన్ని ఈ రోజు డాక్టర్లు మనోవ్యాధి అంటారేమో. వాళ్లు మాత్రం పొగరనుకున్నారు. బయట చలిలో నిలబెట్టారు, తిండి ఆపారు, జెండా కర్రకు కట్టేశారు కూడా. ఏ జెండా ఎగరేసి నేల తమదన్నారో ఆ కర్రకే. కొన్నాళ్లకు ఆమె తనంతట తానే కుదుటపడింది. కుట్టింది, వండింది, చర్మాలు గీకి బాగుచేసింది. ఆ తొలి చలికాలం ఎలాగో గడిచింది.

1922 వేసవికి సామాను నౌక రావాలి. స్టెఫాన్సన్ డబ్బుల కోసం తిరిగి తిరిగి, ఆలస్యంగా టెడ్డీ బేర్ అనే నౌకను పంపించాడు. ఆ ఏడాది మంచు విడవలేదు. నౌక వెనక్కి తిరిగిపోయింది. ఆ సంగతి దీవిలో వాళ్లకు తెలిసే దారి లేదు. రోజూ కొండెక్కి సముద్రం వైపు చూసేవారు. సెప్టెంబరు పోయింది. సముద్రం మళ్లీ గడ్డకట్టింది.

రెండో చలికాలం వేట చిక్కలేదు. దానికి తోడు నైట్‌కు స్కర్వీ పట్టుకుంది. శరీరానికి సి విటమిన్ అందకపోతే వచ్చే జబ్బిది. చిగుళ్లు చీమునెత్తురు కారతాయి, పళ్లు కదులుతాయి, కాళ్లు నీలంగా వాచిపోతాయి, మనిషి లేవలేడు. రోజుకొక నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే దగ్గరికి రాని రోగం. అక్కడ ఆ విటమిన్ దొరికేది తాజా పచ్చిమాంసంలోనే. అదే కరువైంది.

1923 జనవరి 28న క్రాఫర్డ్, మారర్, గాలే ముగ్గురూ మిగిలిన కుక్కల్ని బండికి కట్టుకుని మంచు మీదుగా సైబీరియా వైపు బయల్దేరారు, సాయం తెస్తామని. ఆ తరవాత వాళ్లను చూసినవాళ్లు లేరు. తుపాను మింగిందో, మంచు పగిలి సముద్రంలో పడ్డారో, ఒక్క ఆనవాలూ దొరకలేదు.

దీవిలో మిగిలింది లేవలేని రోగి, అడా, పిల్లి విక్.

నేర్చుకోక తప్పదు

ఇక్కణ్నుంచి అడా కథే వేరు. నిన్నటిదాకా సూది తప్ప మరోటి పట్టని మనిషి ఉచ్చులు పన్నడం నేర్చుకుంది. మొదట్లో చాలా రోజులు ఏమీ పడలేదు. తరవాత నక్కలు చిక్కాయి. మంచులో కూరుకున్న దుంగల్ని గొడ్డలితో కొట్టి తెచ్చింది. నైట్ కాళ్లకు వేడిచేసిన ఇసుక సంచులు పెట్టింది. దుప్పట్లు మార్చింది, మలమూత్రాలు ఎత్తింది. మంచాన పడ్డ అత్తగారికో మామగారికో చేసిన వాళ్లకు ఆ చాకిరీ ఏమిటో చెప్పక్కర్లేదు. ఇక్కడ తోడుగా పక్కింటి వాళ్లుండరు, ఆస్పత్రి ఉండదు, తెల్లారితే తిండి ఎక్కణ్నుంచన్నదీ తానే చూసుకోవాలి.

అంత చేయించుకుంటూ నైట్ ఆమెను తిట్టేవాడు. సరిగా చూడటం లేదని, పిల్లలు పోయింది నీ వల్లేనని, నీ మొగుడు వదిలేసింది అందుకేనని అనరాని మాటలన్నీ అన్నాడు. జబ్బు మనిషిని అలా చేస్తుందని సరిపెట్టుకోవచ్చు. ఆమె మాత్రం మరునాడు మళ్లీ ఉచ్చులు చూసుకుని వచ్చి, ఆ మాంసంతో అతనికి చారు కాచి ఇచ్చింది.

మార్చి నెలలో అడా డైరీ మొదలుపెట్టింది. వచ్చీరాని ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు. ఇవాళ ఒక నక్క, ఇవాళ కట్టెలు, ఇవాళ కళ్లనొప్పి. ఏప్రిల్‌లో ఒకరోజు తనకేమైనా అయితే ఏం చేయాలో రాసిపెట్టింది. తన జీతం డబ్బు, తన వస్తువులు బెనెట్‌కు చెందాలని, పిల్లాణ్ని తన చెల్లెలు రీటా పెంచాలని, తండ్రి చేతికి మాత్రం ఇవ్వొద్దని. సాక్షులు లేరు, స్టాంపు కాగితం లేదు. ఒక తల్లి రాసుకున్న వీలునామా అది. ఆ డైరీ ఇప్పుడు అమెరికాలో డార్ట్‌మత్ కళాశాల గ్రంథాలయంలో భద్రంగా ఉంది.

వసంతంలో పక్షులు వచ్చాయి. ఖాళీ డబ్బాలు గురిపెట్టి తుపాకీ కాల్చడం సాధన చేసింది. పక్షుల్ని కొట్టింది, గుడ్లు ఏరింది. నైట్‌కు అవి కూడా గొంతు దిగని స్థితి వచ్చింది. జూన్ 23న అతను చనిపోయాడు.

గడ్డకట్టిన నేలను తవ్వి పూడ్చే బలం ఆమెకు లేదు. అతను పడుకున్న సంచిలోనే శవాన్ని ఉంచి, జంతువులు రాకుండా చుట్టూ పెట్టెలు పేర్చింది. తాను సామాను గుడారంలోకి మారింది. గాలే వదిలి వెళ్లిన టైపు మిషన్ మీద నైట్ మరణం సంగతి తేదీతో సహా టైపు చేసి పెట్టింది. తాను కూడా పోతే, వచ్చినవాళ్లకు ఏం జరిగిందో తెలియాలి కదా.

తరవాత ఎనిమిది వారాలు ఆ నేల మొత్తం మీద మనిషన్నది ఆమె ఒక్కతే. మనలో చాలామందికి ఇంట్లో ఒక్క రాత్రి ఒంటరిగా పడుకోవాలంటేనే గుబులు. ఆమె మంచం పైన తుపాకులు చేతికందేలా అమర్చుకుంది. గుడారం మీద ఎత్తుగా మంచె కట్టింది, మన చేలల్లో కావలికి కట్టుకునే మంచె లాంటిదే, ఎలుగుబంట్లు దూరంలో ఉండగానే చూడటానికి. కొట్టుకొచ్చిన కర్రలతో చిన్న పడవ కట్టుకుంది. సీల్‌ను కొట్టింది. తీరిక దొరికితే సూది తీసి, చిరిగిన చర్మాల్లోంచి తనకు అంచుల అల్లికతో కొత్త కోటు కుట్టుకుంది. చూసేవాళ్లు ఎవరూ లేని చోట కోటుకు అంచు అల్లుకుందంటే, తిరిగి మనుషుల్లోకి వెళతానన్న నమ్మకం ఎంతుందో చూడండి. యాత్ర వాళ్ల కెమెరా తీసి తన ఫొటోలు తానే తీసుకుంది కూడా.

1923 ఆగస్టు మూడో వారంలో మంచుపొగ విడేసరికి ఒడ్డున నౌక కనిపించింది. డొనాల్డ్‌సన్ అనే ఆ నౌకలో హెరాల్డ్ నాయిస్ అనే యాత్రికుణ్ని స్టెఫాన్సన్ పంపించాడు. దిగినవాళ్లకు ఐదుగురు ఎదురొస్తారనుకుంటే ఒక్క ఆడమనిషి ఎదురొచ్చింది. ఆ ముగ్గురూ మీతో ఉన్నారా అని ఆమె, మీతో ఉన్నారా అని వాళ్లు. వాళ్లు ఎక్కడా లేరని అప్పుడే ఇద్దరికీ తెలిసింది. అడాతోపాటు విక్ కూడా నౌకెక్కింది.

తిరిగొచ్చాక

ఒడ్డు చేరగానే కష్టాలు తీరినట్టేనా? పత్రికలు వెంటపడ్డాయి. ఆడ రాబిన్సన్ క్రూసో అని పేరు పెట్టాయి. ఆమెకు ఆ గోల నచ్చలేదు. తాను కొడుకు దగ్గరికి వెళ్లాల్సిన తల్లిని మాత్రమేనన్నదే ఆమె ధోరణి. జీతం డబ్బు, పట్టిన నక్కల చర్మాలు అమ్మితే వచ్చిన కొన్ని వందల డాలర్లు ఆమెకు దక్కాయి. వాటితో బెనెట్‌ను సియాటిల్ తీసుకెళ్లి వైద్యం చేయించింది. ఆ యాత్ర మీద ఆ తరవాత వచ్చిన పుస్తకాలు, వ్యాసాల వల్ల లాభపడింది మాత్రం ఇతరులే. 1925లో స్టెఫాన్సన్ కూడా ఒక పుస్తకం రాశాడు.

అంతకంటే దారుణం, నింద. నాయిస్ మొదట ఆమెను పొగిడాడు. కొన్నాళ్లకే మాట మార్చి, నైట్‌ను ఆమె సరిగా చూడలేదని, అందుకే అతను చనిపోయాడని పత్రికల్లో రాశాడు. ఆరు నెలల తిండితో కుర్రాళ్లను పంపినవారి మీదికి వెళ్లని వేలు, నెలకు 50 డాలర్ల కుట్టుపని మనిషి మీదికి వెళ్లింది. మా పల్నాడు వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పీఠం మీద కూర్చుంది రాజులు, కత్తులు దూసింది వీరులు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా పల్నాటి యుద్ధం నింద సగానికి సగం నాయకురాలు నాగమ్మ నెత్తిమీదే ఉంది.

అడాకు అండగా నిలబడింది ఎవరో తెలుసా? చనిపోయిన నైట్ తల్లిదండ్రులు. వాళ్లు అడాను కలిసి, మాట్లాడి, తమ కొడుకును కాపాడటానికి ఆమె చేయగలిగిందంతా చేసిందని లోకానికి చెప్పారు. కొడుకును పోగొట్టుకున్నవాళ్లు చెప్పిన ఆ మాటకంటే పెద్ద సాక్ష్యం ఇంకేం కావాలి?

తరవాతి జీవితమూ పూలపాన్పు కాదు. మళ్లీ పెళ్లి, బిల్లీ అనే మరో కొడుకు, మళ్లీ ఒంటరితనం. ఆమెకూ క్షయ సోకింది. పేదరికం వల్ల పిల్లలిద్దర్నీ అలాస్కాలోని ఓ ఆశ్రమంలో చాలా ఏళ్లు ఉంచాల్సి వచ్చింది. కుదుటపడ్డాక మళ్లీ తెచ్చుకుంది. నోమ్‌లో పోషణకు వేట, ఉచ్చులు, రెయిన్‌డీర్ల మేపు. దీవిలో ప్రాణభయంతో నేర్చుకున్న విద్యే ఇంటికి తిండి పెట్టింది.

దీవి ఏమైందంటే, నాయిస్ అక్కడ దింపి వచ్చిన మనుషుల్ని 1924లో రెడ్ అక్టోబర్ అనే సోవియట్ నౌక వచ్చి ఎక్కించుకుపోయింది. బ్రిటన్ తన హక్కు వదులుకుంది. 1926లో సోవియట్ ప్రభుత్వం కొన్ని కుటుంబాలను తెచ్చి ఊరు కట్టింది. ఆ ఊరూ తరవాత ఖాళీ అయింది. 1976లో దీవిని అభయారణ్యంగా ప్రకటించారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అభయారణ్యం సిబ్బంది, 2014 నుంచి రష్యా సైనికులు తప్ప స్థిరంగా కాపురముండే జనం అక్కడ లేరు. నలుగురు కుర్రాళ్ల ప్రాణాలు ఏ జెండా కోసం పోయాయో ఆ జెండా అక్కడ మూడేళ్లు కూడా నిలవలేదు.

అడా 1983 మే 29న, 85 ఏళ్ల వయసులో అలాస్కాలోని పామర్‌లో కన్నుమూసింది. ఆమె పోయాక అలాస్కా శాసనసభ ఆమె వీరత్వాన్ని అధికారికంగా గుర్తించింది. రాంగెల్ దీవి వీరనారి అని ఆమె సమాధి మీద చిన్న కొడుకు బిల్లీ ఫలకం పెట్టించాడు. ఆ పేరు బతికుండగా వినే భాగ్యం ఆమెకు కలగలేదు.

మరి ఆమె వెళ్లిన పని? బెనెట్ బతికాడు. ఒంట్లో నలత అతన్ని జీవితాంతం వదల్లేదు గానీ, ఐదేళ్లకే పోతాడనుకున్న పిల్లాడు యాభై ఏళ్లు దాటి 1972 దాకా జీవించాడు. యాంకరేజ్ శ్మశానవాటికలో తల్లీ కొడుకుల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. ఆ దీవికి వెళ్లినవాళ్లలో, అనుకున్న పని పూర్తి చేసుకుని వచ్చింది అడా ఒక్కతే.